రోజూ వచ్చే ఆ ఒక్కరు

అక్కకు,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని ముందు కంగారు పడతావు, తర్వాత తిడతావు. కంగారు పడకు, ఒంట్లో బాగానే ఉంది. ఫోనులో నీ గొంతు వినగానే "అంతా బాగుందక్కా" అని నా నోట దానంతట అదే వచ్చేస్తుంది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డుపడవు, నేనూ మాట మార్చలేను.

సెమిస్టరు అయిపోవచ్చింది. డిజిటల్ రచన కోర్సుకు చివరి పని ఒకటి మిగిలింది. ఈ కోర్సు మీకు ఏం నేర్పిందో రాసి మీ మీ పేజీల్లో పెట్టండి అన్నారు మా మేడమ్. పొద్దున్నుంచీ ల్యాబులోనే కూర్చున్నాను. శీర్షిక పెట్టాను, తీసేశాను. పేరాలు చిన్నవిగా రాయడం నేర్చుకున్నాను, ఫొటో కింద ఏం రాయాలో నేర్చుకున్నాను, తెర మీద చదివేవాళ్ళకు ఓపిక తక్కువని తెలుసుకున్నాను అని రాశాను. అన్నీ నిజాలే. అసలు సంగతి మాత్రం అది కాదు.

మా పేజీలు క్లాసువాళ్ళకు తప్ప ఎవరికీ కనపడవని నీతో అన్నాను కదా. ఎవరైనా చూడొచ్చు. నువ్వు చూడకూడదనే అలా చెప్పాను, ఎందుకంటే అక్కడ ఉన్నది ఉన్నట్టు రాశాను. బట్టలుతికే షాపు పైన ఉన్న ఈ గది గురించి, కింద మిషన్లు ఆగేదాకా నేల సన్నగా వణుకుతూ ఉండడం గురించి, ఇస్త్రీ ఆవిరి వాసన దిండుక్కూడా పట్టడం గురించి. ఒక ఆదివారమంతా ఎవరితోనూ మాట్లాడక, సాయంత్రం షాపాయన "చిల్లర ఉందామ్మా" అని అడిగితే గొంతు పెగలక దగ్గి మరీ జవాబు చెప్పడం గురించి. నీతో ఫోనులో చెప్పింది మాత్రం గది వెచ్చగా ఉంటుందని.

మా క్లాసులో ఒక పద్ధతి ఉంది. వారం వారం ఒక ముక్క రాసి పెట్టాలి. తర్వాత వేరేవాళ్ళ పేజీలకు వెళ్ళి, కింద ఉండే పెట్టెలో మన అభిప్రాయం రాయాలి. దానికీ మార్కులున్నాయి. స్నేహాలున్నవాళ్ళు ఒకరి పేజీకొకరు వెళ్ళి తెగ పొగుడుకుంటారు. నా పేజీకి దిక్కు టోపీ ఒక్కతే. ఎండైనా వానైనా నెత్తిమీద టోపీ తీయని అమ్మాయి, నా వెనక వరసలో కూర్చుంటుంది, పెద్దగా నోరు విప్పదు. ప్రతి వారం వచ్చి "బాగుంది" అని రాసి పోతుంది. మార్కుల కోసమేలే అని నేనూ పట్టించుకోలేదు.

అయితే పేజీ లోపలివైపు ఒక పట్టిక ఉంటుంది. ఎవరైనా వస్తే ఎప్పుడు వచ్చారో, ఎంతసేపున్నారో అందులో తెలుస్తుంది. అక్కడ నాకొక మనిషి దొరికారు. రోజూ మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేవారు. వచ్చి వెంటనే పోయేవారు కాదు, పాత ముక్కలు కూడా ఓపిగ్గా తిరగేసేవారు. ఈ ఊళ్ళోంచే, ఫోనులో. అంతకుమించి పట్టిక చెప్పదు. నేనెంత పిచ్చిదాన్నంటే అక్కా, ఆ మనిషి కోసమే రాయడం మొదలుపెట్టాను. ఒక వాక్యం కుదిరితే, ఇది వాళ్ళకు నచ్చుతుందని ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. మధ్యలో కొన్నాళ్ళు రాకపోతే, "మీరెవరో కానీ, కనపడకపోతే బెంగగా ఉంది" అని ఒక ముక్క చివర సిగ్గులేకుండా రాసేశాను కూడా.

నిన్న ఆఖరి క్లాసు. మేడమ్ అందరి పట్టికలూ పెద్ద తెర మీద వేసి, చదివేవాళ్ళ తీరు ఎలా తెలుసుకోవాలో చెబుతున్నారు. నా వంతు వచ్చేసరికి లోపల ఒకటే సంబరం, నా మనిషిని అందరూ చూస్తారని. ఆవిడ కాసేపు చూసి చాలా మామూలుగా చెప్పారు.

"ఇది నువ్వేనమ్మా. మన సొంత రాకపోకలు లెక్కలోకి రాకుండా పెట్టుకోమని మొదట్లోనే చెప్పానుగా. ల్యాబు కంప్యూటర్లో పెట్టి, నీ ఫోనులో మర్చిపోయావు."

క్లాసంతా నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు, ఇంకొకరికి జరిగితే నేనూ నవ్వేదాన్నే. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎవరైనా ఏమైనా రాశారేమో చూద్దామని పేజీ తెరవడం, ఏమీ లేకపోతే నా రాతలు నేనే చదువుకుంటూ కూర్చోవడం, రోజూ ఇదే పని. ఆ మనిషి రాని రోజుల్లో నా ఫోను రిపేరు షాపులో ఉంది. అప్పుడైనా నాకు తట్టలేదు.

అందుకే వచ్చే సెమిస్టరుకు పేరు రాయించుకోను. మీ ఆసుపత్రిలో బిల్లుల కౌంటరుకు మనిషి కావాలన్నావుగా, నా పేరు చెప్పు. పేజీ తీసేసి, పరీక్షలు కాగానే వచ్చేస్తాను. ఎలాగూ తీసేసేదే కాబట్టి దాని చిరునామా ఈ కాగితం వెనక రాశాను. చూస్తే చూడు, లేకపోతే లేదు.

నీ చిట్టి

చిట్టికి,

నీ ఉత్తరం డ్యూటీకి బయల్దేరుతుంటే వచ్చింది. బస్సులో చదువుతూ దిగాల్సిన చోట దిగలేదు. మా హెడ్ సిస్టరు పెట్టిన చీవాట్లు నిజానికి నీకు రావాల్సినవి.

గది వెచ్చగా ఉంటుందని ఇన్నాళ్ళూ నన్ను నమ్మించావా? రోగులు నొప్పి లేదు సిస్టర్ అంటే మొహం చూసి నిజం కనిపెట్టేదాన్ని, సొంత చెల్లెలి దగ్గర బోల్తా పడ్డాను. సరే, నేను మాత్రం తక్కువ తిన్నానా. నేనూ అంతా బాగుందనే చెప్పాను. నువ్వెళ్ళాక కూర్చుని తినడం మానేశాను. పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేస్తున్నాను. ముందు గదిలో టీవీ పెట్టి వంటింట్లో పని చేసుకుంటాను, ఇంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టుంటుందని. అమ్మ పోయినప్పుడు కూడా ఇల్లు ఇంత బోసిగా లేదు, అప్పుడు నువ్వున్నావు.

అందుకే నీ ఉత్తరం చదవగానే నాకు సంతోషమేసింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, వేసింది. నీ పేరు చెప్పడానికి ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారు, బయట నిలబడాల్సి వచ్చింది. నిలబడ్డాక తెలిసింది, నేనొచ్చింది నా కోసమని.

వెనక్కి వచ్చి మా ఆసుపత్రి ల్యాబు కుర్రాడి చేత నీ పేజీ తెరిపించుకున్నాను. టీ కూడా తాగకుండా అన్నీ చదివాను. చిల్లర దగ్గర నవ్వాను, నవ్వినందుకు ఏడుపొచ్చింది. మా హెడ్ సిస్టరు నా భుజం మీంచి తొంగి చూసి, ఇది రాసింది నువ్వు ఎత్తుకుని తిప్పిన ఆ పిల్లేనా అంది. మళ్ళీ ఆఫీసుకు వెళ్ళి మా వార్డు ఆయమ్మ కోడలి పేరు చెప్పి వచ్చాను. నీకు ఆ ఉద్యోగం లేదు. ఎంత తిట్టుకుంటావో తిట్టుకో.

నీ పేజీలో కింద పెట్టె కనపడితే నేనూ ఏదో రాశాను. పోయిందో లేదో ఆ కుర్రాడూ సరిగ్గా చెప్పలేదు.

నీ అక్క

అక్కకు,

తిట్టుకున్నాను. ఒక పూటంతా తిట్టుకున్నాను. నువ్వు పొయ్యి దగ్గర నిలబడి తినడం గుర్తొచ్చి ఆపేశాను.

నీ ఉత్తరం నిన్న అందింది, కానీ పెట్టెలో నువ్వు రాసింది మొన్ననే చూశాను. ఆ క్లాసు తర్వాత ఫోనులో పేజీ తెరవడమే మానేశాను. మొన్న తీసేద్దామని ల్యాబుకు వెళ్ళి తెరిస్తే, ఆదివారం ముక్క కింద కొత్తగా ఏదో కనిపించింది. క్లాసంతా చూసేచోట, అందరూ శైలి, నిర్మాణం అంటూ పెద్ద పెద్ద మాటలు రాసేచోట, అక్క అని పేరు పెట్టి నువ్వు రాసింది ఒక్కటే మాట.

"తిన్నావా?"

సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఎవరూ చూడకముందే తుడిచేద్దామనుకున్నాను. అప్పటికే దాని కింద జవాబు ఉంది. టోపీ రాసింది. సెమిస్టరంతా ఒక్క మాట దాటని పిల్ల, నీకు ఇంత రాసింది.

"లేదక్కా. మధ్యాహ్నాలు తినదు. ల్యాబు బయట మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఫోను చూసుకుంటుంది. చాలాసార్లు పిలుద్దామనుకున్నాను, ఏదో చదువుకుంటోంది కదా, కదిలిస్తే బాగుండదని ఊరుకున్నాను. రేపు పిలుస్తాను."

 తీసేసే పని వదిలేసి, చివరి పని కోసం ఇంతకుముందు రాసిందంతా కొట్టేసి, నా పట్టికలో మనిషి సంగతి రాసి, దాని కింద మీ ఇద్దరి మాటలు పెట్టి ఇచ్చేశాను. మార్కులు ఎన్నొస్తాయో మరి. వచ్చే సెమిస్టరుకు పేరు కూడా రాయించాను.

ఆదివారాలు రాత్రికి రాత్రి మారిపోతాయనుకోవడం లేదు. నేల వణుకుతూనే ఉంది. నువ్వు మాత్రం కంచం పెట్టుకుని కూర్చుని తిను. కూర్చున్నాక ఫోను చెయ్యి, నేనూ అప్పుడే తింటాను.

ఇది మెట్ల మీద కూర్చునే రాస్తున్నాను. టోపీ పక్కన నిలబడి, అయిందా అని రెండోసారి అడిగింది. ఉత్తరం ఎవరికని అడగలేదు, తనకు తెలుసు. ఇక ఆపుతానక్కా, ఆకలేస్తోంది.

నీ చిట్టి