సాలెహ్ గోడకు నాలుగు స్క్రూలు

రియాద్, శుక్రవారం

ఈరోజు సాలెహ్ ఇంట్లో షెల్ఫ్ బిగించాను. యుద్ధం మొదలయ్యాక యెమెన్ నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చినవాడు, మా సైటులో పెయింటరు. ఇన్నేళ్లలో ఆ అద్దె గదిలో ఒక్క మేకు కొట్టనివ్వలేదు. "వచ్చే నెల వెళ్లిపోతాం కదా" అనేవాడు. గిన్నెలు, బట్టలు అన్నీ అట్టపెట్టెల్లోనే. ఆరు నెలలకోసారి ఇక్కడ ఉండే పర్మిట్ రెన్యువల్ అయ్యేదాకా మనిషికి నిద్ర ఉండదు.

మొన్న పెద్దపాపకు బడిలో సీటొచ్చింది. పుస్తకాలకు చోటు కావాలందట.

డ్రిల్లు గోడలో దిగి దుమ్ము రాలుతుంటే సాలెహ్ మొహం తిప్పుకున్నాడు. ఇక సొంతూరి మీద ఆశ వదులుకున్నాడేమో అని నాకు గుబులు పుట్టింది. షెల్ఫ్ కదలకుండా వెనక గమ్ కూడా రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"స్క్రూలు చాలు, సదీక్. వెళ్లేటప్పుడు విప్పి తీసుకుపోవాలి." సదీక్ అంటే అరబ్బీలో దోస్తు, నన్నలాగే పిలుస్తాడు.

దుమ్ము తుడవకముందే పాప పుస్తకాలు సర్దేసింది.

రూముకొచ్చి చెబితే నాతో ఉండే మల్లన్న అడిగాడు. "అయితే ఇగ వాళ్లు ఇంటికి పోరా?"

"పోతరన్నా. నా స్క్రూడ్రైవర్ ఆ పిల్ల పుస్తకాల పక్కనే పెట్టి అచ్చిన."