పేడ గుంటకు వారసులు

ఈ దీవి ఉత్తరపు ఒడ్డున గేదెల పాక నడుపుతూ, ఊరందరిచేత పేడమ్మ అనిపించుకుంటున్న నేను, మోకాళ్ళు మొరాయిస్తున్నా మతి నిలకడగా ఉండగానే, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఏమనగా:

1. పాక, గేదెలు, పేడతో వంటగ్యాసు పుట్టించే గుంట నా స్వార్జితం. వీటిని మా కోడలికి సర్వహక్కులతో దఖలుపరుస్తున్నాను. మా అబ్బాయి నొచ్చుకోకూడదు. వాడికి పడవంటే ప్రాణం, పాకంటే తలనొప్పి. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు చలికి గుంట మందగిస్తే, గోరువెచ్చని నీళ్ళతో పేడ కలపమని నాకే చెబుతోంది. నా రబ్బరు బూట్లు కూడా ఆమెకే. కాస్త వదులు, మేజోళ్ళు వేసుకోవాలి.

2. గుంట నుంచి పక్కనున్న కాన్పుల గదికి వెళ్ళే గొట్టాన్ని ఎవరూ, ఏ కారణం చేతనూ తీసివేయరాదు. ఎందుకో కూడా రాయిస్తున్నాను. ఈ దీవికి సిలిండరైనా కిరోసినైనా పడవ మీదే రావాలి. నేను గుంట తవ్విస్తుంటే మా మరిది రేవులో నలుగురి ముందు, "పేడలోంచి మంటొస్తే నా మీసం తీసేస్తా వదినా!" అన్నాడు. తీరా కట్టాక గుంట మీది డోము బీటలిచ్చి గ్యాసంతా గాలిపాలైంది. ఊరంతా నవ్వింది. తాపీమేస్త్రి మాత్రం నవ్వలేదు. "తప్పు నా చేతిదమ్మా, నేనే సరిచేస్తా" అని మళ్ళీ కట్టాడు.

ఆ ఏడే తుఫానుకు పడవలు ఆగిపోయాయి. సిలిండర్లు ఖాళీ, కట్టెలు తడిసి ముద్ద. సరిగ్గా అప్పుడే మరిది కూతురికి నొప్పులు మొదలయ్యాయి. కాన్పుల గదిలో నర్సమ్మ దగ్గర వేడినీళ్ళు లేవు, దీపం లేదు. కోడలూ మేస్త్రీ మా వంటింటి గొట్టం ఊడదీసి, వానలో తడుస్తూ అక్కడికి లాగారు. నేను వాల్వు తిప్పాను. కాసేపు బుస్సుమని, తర్వాత నీలిమంట నిలిచింది. పొద్దు గుంకేలోగా పిల్ల కేరుమంది. మర్నాడు మా గుమ్మంలో ఎవరో నున్నటి మూతితో నిలబడితే పోల్చుకోలేక, "ఎవరు బాబూ?" అన్నాను. మా మరిదే!

3. కనుక మరిది మీద నా పాత కోపం ఇందుమూలంగా రద్దు. మా పొలంలోకి అతను జరిపిన గట్టు మాత్రం రద్దు కాదు, వెనక్కి జరపవలసినది. ఆనాడు పుట్టిన ఆ పిల్లకు, ఇప్పుడు నాకే సుద్దులు చెప్పే గడుగ్గాయికి, నల్లగేదె కడుపులో ఉన్న దూడను ఇస్తున్నాను. పెయ్యో దున్నో, దాని అదృష్టం.

4. డోము కట్టే ఇనుప అచ్చు దీవిలోని రైతులందరిదీ. అడిగినవారికి ఊరికే ఇవ్వాలి. పడమటి ఒడ్డు కోళ్ళ ఫారం ఆవిడ ఇప్పటికే గుంట తవ్విస్తోంది, ఆమె వెనక ఇంకా ఇద్దరు తయారుగా ఉన్నారు. ఎక్కడ కట్టినా మేస్త్రిని పిలిచి కుర్చీ వేయాలి. ఆయన చేయి వణుకుతోంది గానీ, కంటికి వెంట్రుకంత బీట కూడా దొరికిపోతుంది.

5. దీన్ని అమలుజరిపే బాధ్యత బడి పంతులమ్మది. ఆవిడ మాట మా ఇంట్లో అందరూ వింటారు, నేను తప్ప.

6. నేను పోయిన రోజున అందరూ అరుగు మీద చతికిలబడితే గుంట పస్తుంటుంది. ముందు పాక కడగండి, పేడ కలిపి పోయండి. వచ్చినవాళ్ళకు టీ పెట్టండి. ఆ తర్వాత తీరుబడిగా ఏడవండి.

తేదీ: 14-2-2019

(సంతకం) పేడమ్మ

సాక్షులు:
పడవ సరంగు
పోస్టుమాస్టరు