ఆ రెండు డయోడ్లు

తమ్ముడికి,

నాన్నకు వినపడటానికి నేను తయారుచేసిచ్చిన పెట్టెను ఇవాళ విప్పి చూశాను. అందులో రెండు డయోడ్లూ లేవు. పోయిన వారం నువ్వొచ్చినప్పుడు, "గట్టిగా మాట్లాడితే గరగరమంటోందక్కా, వీటిని తీసేద్దాం" అన్నావు. వద్దన్నాను. నేను పనికి వెళ్లగానే తగుదునమ్మా అని పీకేశావు.

మామూలు మాటలకు అవి ఊరికే ఉంటాయి. పెద్ద శబ్దానికి వోల్టేజి హద్దు దాటితే, ఎక్కువైనదాన్ని తమలోంచి మళ్లించి చెవిదాకా రానివ్వవు. కరెంటు అటూ ఇటూ ఊగుతుంది కనుక, ఒక్కో వైపుకు ఒకటి. ఆ గరగర అందుకే. నాలుగు రేడియోలు బాగుచేసినవాడివి, నీకిది తెలియదా?

నిన్న ఆ పెట్టె మైకు పక్కనే స్టీలు గిన్నె జారిపడింది. నాన్న చెవి పట్టుకుని కూలబడ్డారు. మిగిలిన ఆ ఒక్క చెవీ పోయిందన్నాడు డాక్టరు.

"వాణ్ణేమీ అనకమ్మా, వాడి గొంతు నాకు బాగా వినపడాలనే తీశాడు" అంటున్నారు నాన్న. నేనేమన్నా ఆయనకు వినపడదు కనుక నీకు రాస్తున్నాను.

ఆదివారం ఫోన్ చెయ్యకు. చెప్పాల్సిందేదో ఆయనకే ఉత్తరం రాయి. కళ్లింకా కనిపిస్తున్నాయి.

అక్క