పడవకు క్యూరింగ్

7 ఏప్రిల్ 1985, ఆదివారం

పడవ వచ్చింది. పాత చెక్కది, పన్నెండు అడుగులు, తెరచాప కట్టే రకం. కొలాబాలో పడవల క్లబ్బు సాహెబ్ దాన్ని డింగీ అంటాడు. హాత్‌గాడీ మీద వేసి ఫోరస్ రోడ్డంతా తోసుకొచ్చాను.

బాగుచేసిస్తే మే 26న నీళ్లలో దించుతాడట. లోపలికి చుక్క రాకపోతే క్లబ్బు షెడ్డులో నాకు పర్మనెంట్ నౌకరి. ఇరవై రెండేళ్లుగా సెంట్రింగ్ వడ్రంగిని. స్లాబ్ గట్టిపడగానే నేను కొట్టిందంతా ఊడబీకుతారు. ఈ ఊళ్లో నా చేతిపని ఒక్కటీ నిలబడి లేదు. ఈ నౌకరి నాకు కావాలి.

పడవల పని వచ్చా అని సాహెబ్ అడిగితే, తాతల కాలం నుంచీ అదే మా పని అన్నాను. నేను ఇంతవరకు పడవ ఎక్కలేదు.

మా చాల్‌లో అన్నీ ఒంటిగది ఖోలీలే. పక్క ఖోలీ రాజవ్వ వచ్చి చూసి, గిది ఏడ ఈదుతది గంగారాం, మోరీలనా అని అడిగింది.

21 ఏప్రిల్

కుళ్లిన పలకలు రెండు మార్చాను. టేకు పలకలు, రాగి మేకులు. పని బాగా కుదిరింది, వేరే ఎవరూ అనరు కాబట్టి నేనే అనుకోవాలి. కానీ పలకల మధ్య అన్నీ సందులే. బోర్లించి కింద దూరి చూస్తే ఎండ గీతలు గీతలుగా పడుతోంది. దూది కూరుతున్నాను.

1 మే, బుధవారం, సాయంత్రం

సత్యనాశ్.

సెలవని వర్లిలో చెల్లెలింటికి పోయి వచ్చేసరికి మామ పడవకు సిమెంటు పూసేశాడు. మా మామ భూమయ్య జన్మంతా గోడలు కట్టిన మేస్త్రీ. పిట్టగోడ పగిలినా పన్ను పుచ్చినా ఆయన దగ్గర ఒకటే మందు. పైన తడి గోనెసంచులు కప్పి, పక్కన స్టూలేసుకుని కూర్చుని చెంబుతో నీళ్లు చల్లుతున్నాడు. ఏంది మామా ఇది అంటే, క్యూరింగ్ బిడ్డా, పద్నాలుగు దినాలు పట్టాలె అన్నాడు.

నేను ఒక మాట అన్నాను. ఇక్కడ రాయను. ముసలాయన చెంబు కింద పెట్టి లోపలికి పోయాడు. మా నాయినను గంత మాట అంటవా అని నా భార్య రత్నాబాయి నా మీదికి బిందె ఎత్తింది.

2 మే

మామ నాతో మాట్లాడడు. రత్నాబాయి అన్నం వండింది, కూరలో ఉప్పు లేదు.

10 మే, శుక్రవారం

తొమ్మిది రోజులు ఇదే పని. ఉలితో సిమెంటు గీకాను. మళ్లీ దూది, దాని పైన లప్పం. ఇప్పుడు పరీక్ష చేద్దామంటే గల్లీలో సముద్రం లేదు. టాంకీ కడితే లోపల నింపి చూస్తరు, గింత తెల్వదా అని మామ గోడతో అన్నాడు. గోడ ఒప్పుకుంది.

నల్లా పొద్దున గంటసేపే వస్తుంది. తలా రెండు బిందెలు పడవల పోయండ్రి, దినమంత వాడుకోండ్రి అని మామ చాల్ ఆడవాళ్లకు చెప్పాడు. పోశారు. అరగంటలో నీళ్లన్నీ మోరీపాలు. నన్ను సగం మరాఠీలో, సగం మన భాషలో తిట్టారు. మామను ఎవరూ ఏమీ అనలేదు.

16 మే

మామ వదల్లేదు. బతిమాలి రోజూ పోయిస్తున్నాడు, స్నానం నీళ్లు కూడా పట్టి పోస్తున్నాడు, బయట గోనెసంచులు తడుపుతున్నాడు. మొన్న ధార కారింది. నిన్న చుక్కలు. ఇవాళ ఏమీ లేదు.

ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బింది. సందులు వాటంతటవే మూసుకున్నాయి. వానాకాలం బిగుసుకుపోయే తలుపులు ఏటా నేనే చిత్రిక పడతాను. వడ్రంగినై ఉండి నాకు తట్టలేదు.

21 మే, మంగళవారం

కొత్త కష్టం. ఆడవాళ్లు పడవను కడిగి మంచినీళ్లు నింపుకున్నారు, అది చాల్ టాంకీ అయింది. రాజవ్వ కాపలా, చెప్పులతో దగ్గరికి రానివ్వదు. ఆదివారం తీసుకుపోవాలి అంటే, మా బిందెలు ఎవడు నింపుతడు, నీ సాహెబా అని అడిగింది. ఆడవాళ్లంతా అడ్డం కూర్చున్నారు. నా నౌకరి ఎట్లా అని అడిగితే ఎవరూ లేవలేదు. నాకు ఏడుపొచ్చింది.

25 మే

నాలుగు రోజుల్లో మామ నల్లా పక్కన ఇటుకలతో నీళ్ల హౌజు కట్టి ఇచ్చాడు. రాజవ్వ పడవ వదిలింది. నౌకరి రాకుంటే మాది మాకు తెచ్చియ్యాలె అని షరతు.

26 మే, ఆదివారం

దించారు. సాహెబ్ ఎక్కి నన్నూ ఎక్కమన్నాడు. తాతల కాలం నాటి పనివాణ్ణి కదా, తప్పలేదు. పోచమ్మకు మొక్కి కళ్లు మూసుకున్నాను. గంటసేపు తిప్పాడు. అడుగు చేత్తో తడిమి చూశాను, పొడిగా ఉంది.

అందరూ రంగు పూసి తెస్తారు, ఓపిగ్గా నానబెట్టినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను, ఇది ఎవరి పని అని సాహెబ్ అడిగాడు. ఒడ్డున మామ నిలబడి ఉన్నాడు, ఉతికిన పంచె, తలకు రుమాలు. నాది అంటే నౌకరి వచ్చినట్టే. నోరు తెరిచాను. అదిగో, మా మామది అన్నాను. ఆ రోజు ఆయన్ను అన్న మాట ఇంకా మనసులోంచి పోలేదు, అందుకేమో.

ఒడ్డుకు రాగానే వాంతి చేసుకున్నాను. మామ వీపు నిమిరాడు.

3 జూన్, సోమవారం

ఇద్దరం క్లబ్బు షెడ్డులో డ్యూటీలో చేరాం. రిజిస్టర్‌లో మేస్త్రీ అని మామ పేరు, దాని కింద హెల్పర్ అని నాది. ఇద్దరి అన్నం డబ్బా నేనే మోశాను.