తుప్పు రంగు

మార్చి 9, ఆదివారం. మధ్యాహ్నం 3

అన్నయ్య హాల్లో చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పిక్కలు ముట్టుకుంటే రాళ్ళలా ఉన్నాయి. తొడలూ అంతే. కండరం చర్మం కింద దానంతట అదే కదులుతోంది. చూస్తుంటే భయం వేసింది.

నేను కంగారుగా కాలు గుంజబోతే తిట్టాడు. మోకాలు చాపి పట్టుకో, పాదాన్ని నా వైపు నెమ్మదిగా తొయ్యి, ముప్పై దాకా లెక్కపెట్టు, కుదిపావో ఇంకా బిగుసుకుంటుంది అన్నాడు. ఫిజియోథెరపీ క్లినిక్‌లో పదిహేనేళ్ళ సర్వీసు. ఎవరి కాలు ఎక్కడ పట్టేసిందో వేళ్ళతో తాకి చెప్పేస్తాడు. ఆరో ఏట జ్వరంతో చూపు పోయింది. ఆ చూపంతా వేళ్ళలోకి దిగిందని ఇంట్లో అనేవాళ్ళు.

తప్పు నాదే. ఇక్కడైనా రాసుకోవాలి.

మాది ఇద్దరు తొక్కే సైకిల్. ముందు నేను, వెనక అన్నయ్య. పెడల్స్ రెండూ ఒకే చైనుకి ఉంటాయి. నేను ఎంత జోరుగా తొక్కితే వెనక తన కాళ్ళూ అంత జోరుగా తిరగాల్సిందే. దారి నేను చెబుతాను. గుంత అంటాను, ఎత్తు అంటాను, మలుపు అంటాను. వెనక నుంచి సరే అంటాడు. ఆ సరే వినిపిస్తే నాకు ధైర్యం.

రోజూ నలభై కిలోమీటర్లు మించం. ఇవాళ పసుపు జెర్సీల గుంపు ఒకటి మమ్మల్ని దాటిపోయింది. అందులో ఒకడు వెనక్కి తిరిగి, నెమ్మదిగా రండి ఆంటీ అన్నాడు. అంతే, నాకు పూనకం వచ్చింది. ఎనభై తొక్కించాను. నీళ్ళు సగం దారిలోనే అయిపోయాయి. ఎండ మాడ్చేసింది.

ఆఖరి ఎత్తు దిగాక గుంత అన్నాను. సరే రాలేదు. మళ్ళీ అన్నాను. రాలేదు. బ్రేకు వేసేసరికి అన్నయ్య సీటు మీదే కొయ్యబారి ఉన్నాడు. దింపడానికి ఇద్దరు మనుషుల సాయం కావాల్సి వచ్చింది. అరగంట నుంచీ పట్టేస్తూనే ఉందట. ఎందుకు చెప్పలేదని అడిగితే, ఇంకోసారి తీసుకెళ్ళవేమోనని అన్నాడు. నొప్పి వస్తే ఆపండి బాబూ అని రోజుకి ఇరవై మందికి చెప్పే మనిషి.

సాయంత్రం 6

ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు రెండు గ్లాసులు తాగించాను. అరటిపండు వద్దన్నాడు. వేడినీళ్ళ సంచి పెట్టాను. నొప్పి మాత్ర కూడా ఇచ్చాను. మామూలు పట్టేయడమైతే ఈపాటికి వదలాలి కదా అంటే, వదులుతుందిలే, డాక్టరువా నువ్వు అన్నాడు.

మార్చి 10, సోమవారం

పొద్దున అన్నయ్య తర్వాత బాత్రూంలోకి వెళ్ళాను. ఫ్లష్ ఎప్పుడూ సగమే పని చేస్తుంది. కమోడ్‌లో నీళ్ళు గోధుమ రంగులో ఉన్నాయి. నాది పెయింట్ల షాపులో రంగులు కలిపే పని. ఏ రంగు చూసినా షేడ్ కార్డులోని నంబరు దానంతట అదే గుర్తుకొస్తుంది. 318. తుప్పు రంగు. పోయిన వారం ఇంటి ఓనరు పైన పైపులు మార్పించాడు. ఫోన్ చేసి, ఈ తుప్పు నీళ్ళతో మమ్మల్ని చంపుతారా అని కడిగేశాను. ఆయన పాపం సారీ కూడా చెప్పాడు. ఇంకో మాత్ర ఇచ్చి షాపుకి వెళ్ళిపోయాను.

మార్చి 11, మంగళవారం. పొద్దున

ఓనరు ట్యాంకు కడిగించాడు. కుళాయి తిప్పి చూశాను, నీళ్ళు తేటగా ఉన్నాయి. కమోడ్‌లో మాత్రం ఇంకా 318.

రాత్రి 8, ఆసుపత్రి

మధ్యాహ్నం నుంచీ వాంతులు. తొడలు వాచాయి. ఆటోలో తీసుకొచ్చాను. డాక్టరమ్మ కాళ్ళు నొక్కి చూసి, మూత్రం ఏ రంగులో వస్తోంది అని అడిగింది. అన్నయ్య నవ్వాడు. నన్నా అడుగుతున్నారు మేడమ్ అన్నాడు.

అప్పుడు తట్టింది. తుప్పులా ఉందండీ, నిన్నటి నుంచీ అన్నాను. నిన్న ఎందుకు తీసుకురాలేదంది. రంగులే నా బతుకు. చూసి, నంబరు వేసి, ఓనర్ని తిట్టి, డ్యూటీకి వెళ్ళాను.

మితిమీరిన శ్రమకి కండరాలు చితికి, ఆ చెత్తంతా రక్తంలో కలిసిందట. కిడ్నీలకి అడ్డం పడిందట. పైగా నేనిచ్చిన నొప్పి మాత్రలు అగ్నికి ఆజ్యం.

మార్చి 12, బుధవారం

సెలైన్ సీసా మీద సీసా ఎక్కుతోంది. కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. రెండు రోజుల్లో కిడ్నీలు దారికి రాకపోతే డయాలిసిస్ అంది డాక్టరమ్మ. తర్వాత ఏమవుతుందని అడిగితే, చూద్దాం అంది.

మంచం కింద మూత్రం సీసా. నిండిన ప్రతిసారీ అన్నయ్య, ఏ రంగు అని అడుగుతాడు. మొదటిసారి నిజం చెప్పాను. మొహం నల్లబడింది. రెండోసారి, కొంచెం తేలిందన్నాను. మూడోసారి, పసుపు రంగుకి వచ్చిందన్నాను. హమ్మయ్య అని కళ్ళు మూసుకున్నాడు.

సీసాలో అదే 318. కొంచెం చిక్కబడింది కూడా.

మార్చి 13, గురువారం

నర్సు గుమ్మం దగ్గర నిలబడి డాక్టరమ్మకి ఫోన్లో చెప్పింది. నిన్నటి కంటే డార్క్‌గా ఉంది మేడమ్, ఏమీ మారలేదు అని. అన్నయ్య చెవులకి ఈ గది ఎంత.

తర్వాత మెల్లగా అడిగాడు. రోడ్డు మీద కూడా ఇలాగే చెప్పేదానివా అని.

లేదన్నాను. ఒట్టు వేశాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

మార్చి 14, శుక్రవారం

ఏ రంగు అని అడగడం మానేశాడు.

మార్చి 15, శనివారం

డయాలిసిస్‌కి సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. పెట్టాను. రేపు పొద్దుటి రిపోర్టు చూసి మొదలుపెడతారట. అన్నయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పాదం పట్టుకుని ముప్పై దాకా లెక్కపెట్టాను. వద్దనలేదు. నువ్వు పోతే నేను బతకలేనురా అని చెప్పాలనుకున్నాను. అదీ నమ్మడేమోనని ఊరుకున్నాను.

మార్చి 16, ఆదివారం. పొద్దున 6

సీసా కిటికీ దగ్గర పెట్టి చూశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. 104. లేత నిమ్మ పసుపు.

అన్నయ్యకి చెప్పాను. నర్సును పిలువు, ఆమె చెప్పాలి అన్నాడు.

సరే అన్నాను.