మార్కుల్లో చెల్లని ముయ్యి

చిరంజీవి ప్రసన్నకుమారికి,

మీ నాయన దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వు కూడా వేళకు తింటున్నట్టు రాశావు గానీ, ఆ ఒక్క మాట నేను నమ్మలేదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని చెప్పి మళ్లీ గడ్డిమోపులు ఎత్తుతోంది, చెబితే వినే మనిషి కాదు. మామిడికి పూత బాగా వచ్చింది గానీ తేనెమంచు పట్టింది, ఒకసారి మందు కొట్టాను. ఎర్రావు ఇంకా ఈనలేదు. మీ అమ్మ పొద్దస్తమానం కొట్టంలోకి తొంగిచూస్తూనే ఉంది. పాప ఏం రాసిందని అడిగితే, పరీక్షల గొడవలే అని చెప్పి నీ ఉత్తరం జేబులో పెట్టుకున్నాను.

ఫోన్ చేస్తే అమ్మ లాక్కుని మాట్లాడుతుందని, ఇది నాకొక్కడికే తెలియాలని ఉత్తరం రాశావు. నేను ఉత్తరం రాయడానికి కారణం అది కాదు. ఈ సంగతి నీ గొంతు వింటూ చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. పోయిన ఏడాది ప్రాజెక్టు మార్కులు రద్దు చేశారని, దాన్ని జూనియర్లతో కూర్చుని మళ్లీ చేయాలని, నీ పట్టా ఆర్నెల్లు వెనక్కి పోయిందని, బెంగళూరు కంపెనీవాళ్లు అంతదాకా ఆగేది లేదన్నారని రాశావు. "రేవతే చెప్పింది నాయనా. నాకు కామెర్లు వచ్చినప్పుడు నా పని తాను చేసిన సంగతి కాలేజీలో ఇంకెవరికీ తెలీదు. తాను గట్టెక్కడానికి నన్ను ముంచింది. గది మారిపోయాను, ఇంక దాని మొహం చూడను" అని రాశావు. అట్లాంటి మనిషిని నమ్మడం నా తప్పా అని చివర అడిగావు. ఆ ఒక్కదానికి కాస్త ఆగి జవాబు చెబుతాను. ముందు నేను చెప్పేది విను.

పోయిన నెల నువ్వు ఫోన్లో ఏడ్చిన రోజు గుర్తుంది కదా. నిమ్మకాయలను సైజుల వారీగా వేరు చేసే మిషన్ మీ నలుగురూ కలిసి చేశారు. వాళ్లమ్మకు ఆపరేషన్ అని రేవతి వేలూరు ఆస్పత్రిలో ఉండిపోతే తన భాగం కూడా నువ్వే చేశావు. సగం మార్కులు అందరికీ కలిపి, సగం ఎవరు చేసిన భాగానికి వాళ్లకు అన్నది మీ లెక్క. మేడమ్ అడిగితే రేవతి దాచకుండా "అది ప్రసన్న చేసింది" అని చెప్పింది. సొంత భాగానికి సున్నా పడింది. "నేను సాయం చెయ్యబట్టే దానికి సున్నా వచ్చినాది నాయనా, ఫెయిలైపోతాది" అని నువ్వు వెక్కి వెక్కి ఏడ్చావు.

నాకు కోపం వచ్చింది. ఇదేం న్యాయం అనుకున్నాను. మనం ముయ్యి మీద బతికినవాళ్లం. ఈ వారం మనం పక్కింటి దామోదరం చేనికి పోయి చెనక్కాయలు పెరికితే, వచ్చే వారం వాళ్ల ఇంటిల్లిపాదీ మన చేనికి వస్తారు. కూలి మాట ఉండదు. ముయ్యికి వచ్చినవాళ్లను ఊరకే తిన్నారని ఎవరైనా అంటే పడే మనిషిని కాను. ఆ పిల్ల కూడా అంతే కదా, పోయిన ఏడు నీకు చేసింది, ఈ ఏడు నువ్వు దానికి చేశావు. చదువుకున్న మేడమ్‌కు ఈ సంగతి తెలియక సున్నా వేసి ఉంటుంది, చెబితే దిద్దుతుంది అనుకున్నాను.

ప్రసన్నా, నేను కాలేజీకి పోయాను. మందు కొట్టే మిషన్‌కు వాషర్లు తెస్తానని మీ అమ్మతో చెప్పి తిరుపతి బస్సెక్కాను.

కృపామణి మేడమ్ మర్యాదగానే కూర్చోబెట్టింది. నేను తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, ఇన్నేళ్ల అనుభవం అంతా ఒకేసారి చెప్పేసినట్టు చెప్పాను.

"ఆ పిల్ల ఊరికే మార్కులు కొట్టేసే రకం కాదు మేడమ్. ఇది ముయ్యి. పోయినేడు మా పాపకు కామెర్లు వస్తే, ఫోన్‌తో మోటార్ ఆన్ చేసే పెట్టె అంతా ఆ పిల్లే చేసినాది. మా పాప మంచం దిగలేదు. ఆ బాకీనే మా పాప ఇప్పుడు తీర్చుకునింది. దాంట్లో తప్పేముండాది?"

ఆమె రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. నా మాట ఎక్కిందని సంతోషపడ్డాను.

"చేన్లో ఎవరు పెరికినా చెనక్కాయలు మీ ఇంటికే వస్తాయి కదన్నా. ఇక్కడ పంట అంటే నేర్చుకోవడమే. అది ఒకరి కోసం ఇంకొకరు చేస్తే ఇంటికి ఏమీ రాదు. రేవతికి తన భాగం మళ్లీ చేసి చూపించేదానికి అవకాశం ఇస్తాను. కానీ పోయినేడు సంగతి మీరు చెప్పినాక నేను విననట్టు ఉండలేను" అంది.

ఆ చివరి మాట నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. రేవతికి అవకాశం ఇస్తానన్నది, అది చాలు అనుకున్నాను. తువ్వాలు వేసుకుని వచ్చిన నాయనను చూస్తే నీకు నామోషీగా ఉంటుందని, "నేనొచ్చినట్టు మా పాపకు మాత్రం చెప్పొద్దండి" అని చేతులు జోడించి బయటికి వచ్చాను. ఆమె మాట నిలబెట్టుకుంది.

నీ మార్కులు పోగొట్టింది నేను. నీ ఉద్యోగం పోగొట్టింది నేను. నా నోటితో, నా అంతట నేనే పోయి, గర్వంగా చెప్పి వచ్చాను.

మేడమ్ మీద కూడా నాకిప్పుడు కోపం లేదు. మీ ప్రాజెక్టు అయ్యాక మన మోటార్‌కు పెట్టుకున్న ఆ పెట్టె పోయిన ఎండాకాలం ఆగిపోతే బాగు చెయ్యమని నిన్నే అడిగాను. నువ్వు దాన్ని విప్పి చూసి, రేవతికి ఫోన్ చేసి అడిగి బిగించావు. స్నేహితురాలు ఉంటే ఎంత మేలు అని మురిసిపోయానే గానీ, నీకెందుకు తెలియలేదని ఆలోచించలేదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడం ఇంకా కష్టంగా ఉంది. ఆ రోజు గేటు దగ్గర రేవతి నన్ను చూసింది. "ఏం మామా, ఇట్లొచ్చినారు?" అని దగ్గరికి వచ్చి, టీ తాగించి, నాతో పాటు బస్టాండు దాకా వచ్చింది. దారి పొడవునా నేను చేసిన ఘనకార్యం చెబుతూనే ఉన్నాను. ఆ పిల్ల నడిచేది ఆగిపోయింది.

"పోయినేడు సంగతి గూడా చెప్పేసినారా మామా?"

"చెప్పకపోతే నీ సున్నా ఎట్ల పోతాదమ్మా?"

ఆమె మొహం చూసి అలిసిపోయిందేమో అనుకున్నాను. కాణిపాకం బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, కింద నిలబడి, "మీరొచ్చినట్టు ప్రసన్నకు చెప్పగాకండి మామా. నేను చూసుకుంటా" అంది. నీకు నామోషీ అని తనకు కూడా తెలుసని నవ్వుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాకే నాకు అర్థమైంది. ఆ పిల్లకు అంతా తెలుసు. నువ్వు గది ఖాళీ చేసి పోతుంటే ఒక్క మాట అంటే సరిపోయేది, "మీ నాయన చెప్పినాడు" అని. అనలేదు. నీకూ నాకూ మధ్య మాట రాకూడదని, నువ్వు తిట్టిన తిట్లన్నీ తన మీదే వేసుకుని ఊరుకుంది. వాళ్లమ్మ ఇంకా మంచం మీదే ఉంది. కష్టసుఖాలు చెప్పుకునేదానికి ఆ పిల్లకు అక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు?

నమ్మడం నీ తప్పా అని అడిగావు కదా. కాదు తల్లీ. నువ్వు నమ్మిన మనిషి నిలబడే ఉంది. నా మీద నీకు ఎంత కోపం వచ్చినా నేను మాట్లాడను. ఈసారి సెలవులకు ఇంటికి రానన్నా అడగను, అమ్మకు ఏదో ఒకటి సర్దిచెబుతాను. కానీ ఆ కోపం తర్వాత. ఈ కాగితం మడిచిపెట్టి ముందు రేవతి గదికి పో. తలుపు తీయకపోతే బయటే కూర్చో.

ఇట్లు,
నీకు ముఖం చూపించలేక రాసిన
నాయన