క్లచ్‌లో ఉత్త అంగుళం

బైరకూరు, సోమవారం

రాబర్ట్‌సన్‌పేట మెకానిక్ కదిరప్పకు బైరకూరు హనుమక్క చెప్పి రాయించేది ఏమంటే,

మేము బాగుండాము. నువ్వు బాగుచేసిన కారే బాగలేదు. క్లచ్ పెడల్ తొక్కితే మొదటి అంగుళం ఉత్తగా దిగిపోతాది. మా ఇంటాయన గోపాలప్ప ముప్పై ఏండ్లు గనిలోకి మనుషుల్ని దించే ఇంజను నడిపినాడు. తాడు వేలెడు వదులైతే దానికి వేలాడే బోనులో ఉండేవాళ్ళ గతేమో నాకు తెలుసు. ఆ వదులు తీసెయ్. శనివారం లోపల పట్టుగూళ్ళు కోలారు మార్కెట్టుకు చేరకపోతే పురుగులు గూళ్ళు చీల్చుకోని బయటికొస్తాయి. నెల్నాళ్ళు మేపిన కష్టం వాటితోనే ఎగిరిపోతాది.

ఇట్లు, హనుమక్క వేలిముద్ర

తా.క.: చదువు రాదు గదా అనుకోవద్దు. అంగుళాన్ని ఈ వేలితోనే కొలిచినా. పైన ముద్ర చూసుకో.

*

రాబర్ట్‌సన్‌పేట, మంగళవారం

అమ్మా హనుమక్కగారికి కదిరప్ప నమస్కరించి రాసుకున్నది.

ఆ అంగుళం నేను కావాలనే వదిలాను. అది లేకపోతే కాలు తీసినా క్లచ్ పూర్తిగా పట్టుకోదు. ఇంజను అరుస్తుంది, బండి కదలదు, ప్లేటు మాడుతుంది. దయచేసి ఆ వదులును సరిచేసే కింది నట్టు ముట్టుకోవద్దు.

విధేయుడు, కదిరప్ప

తా.క.: డ్రైవర్ సీనప్పను పెడల్ మీద కాలు ఆనించి కూర్చోవద్దనండి.

*

బైరకూరు, గురువారం

కదిరప్పా,

కావాలనే వదిలినావా? ఎంత గుండె నీకు! సీనప్పను కారు కిందికి దూర్చి, అంగుళం పోయేదాకా నట్టు బిగించినాను. వదులు మళ్ళీ రాకుండా పెడల్ మీద కాలు ఆనించే ఉండాల, తీస్తే తన్నులే అని చెప్పినా. ఇంగ చూడు, ఇంజను పులి మాదిరి గర్జిస్తా ఉండాది. నడక మాత్రం మర్యాదగా ఉండాది. పక్కింటి మునివెంకటమ్మ పాల ఎనుము మమ్మల్ని దాటుకోని పోయింది. ఎత్తు వస్తే వెనక్కి జారతాది. నీ వదులు ఇంకా యాడో మిగిలుండాది. వచ్చి తియ్.

కోపంగా, హనుమక్క వేలిముద్ర

తా.క.: కారు కింద నుంచి మాడు వాసన. సీనప్ప బీడీ అనుకోని రెండు తగిలించినా. వాడు బీడీ తాగడంట.

*

రాబర్ట్‌సన్‌పేట, శుక్రవారం

అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను.

మాడుతున్నది ప్లేటు. ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. అందగానే నట్టు వదులు చేయించండి, సీనప్ప కాలు తీయించండి. తాడుకు వదులు పనికిరాదు, నిజమే. కానీ ఇది బ్రేకు లాంటిది. గని ఇంజను తిరిగేటప్పుడు బ్రేకుకూ చక్రానికీ మధ్య సందు ఉండాలి. ఎప్పుడూ రాసుకుంటూ ఉంటే మాడిపోదా? గోపాలప్పగారు ఉండి ఉంటే ఆయనే చెప్పేవారు.

కదిరప్ప

తా.క.: ఆయన ఆత్మకు శాంతి కలగాలి.

*

బైరకూరు, ఆదివారం

కదిరప్పా, నీ నోట్లో మన్ను పడ!

మా ఇంటాయన గుండ్రాయి మాదిరి ఉండాడు. నీ ఉత్తరం చదివిస్తా ఉంటే పక్కనే రాగిముద్ద తింటా నవ్వినాడు. "కదిరప్ప చెప్పింది నిజమే" అని, చెయ్యి కడుక్కోని, కారు కిందికి దూరి, నువ్వు పెట్టిన అంగుళం మళ్ళీ పెట్టినాడు. ప్లేటు కాస్త మిగిలుండాది. శనివారం పొద్దున గూళ్ళు కోలారు చేరినాయి. ఒక్క పురుగూ ఎగరలేదు.

"తెలిసీ ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?" అని అడిగినా.

"నువ్వు మాట్లాడేటప్పుడు ఒక అంగుళమన్నా సందు ఇచ్చినావా?" అన్నాడు.

సరే, నిన్నటి నుంచి ఆయనకీ ఒక అంగుళం వదిలినాను.

ఓడిపోని, హనుమక్క వేలిముద్ర

తా.క.: అప్పట్నుంచి ఆయన నోరు ఆగలేదు. దీనికి నట్టు యాడుండాదో రాయి. బిగించాల.